చుక్క వీపు మీద నా కుట్టు

నా చిన్నప్పుడు జరిగిన ఒక సంగతి చెబితే గాని, మొన్న నందిగామలో నేను పెళ్ళి ఊరేగింపుకి అడ్డంపడి ఎందుకు గొడవ చేశానో మా వాళ్ళకి అర్థం కాదు. మా మనవరాలు ఇప్పటికీ నాతో సరిగ్గా మాట్లాడటం లేదు. అందరి ముందూ పరువు తీశానట. పోతే పోనీ. నా వయసులో పరువు కంటే మోకాళ్ళ గురించి ఎక్కువ బెంగ ఉంటుంది.

జరిగింది ఇంతే. పొద్దున పదింటి ఎండలో పెళ్ళికొడుకుని గుర్రమెక్కించి, బ్యాండు వాయించుకుంటూ తీసుకొస్తున్నారు. గుర్రం మీద జరీ బట్ట, అద్దాలు, కుచ్చులు, పైన ఆ అబ్బాయి. అడుగేసినప్పుడల్లా గుర్రం వీపుని కిందికి వంచి, బరువు కింద నుంచి జారిపోవాలని చూస్తోంది. నాకది దూరం నుంచే తెలిసిపోయింది. వెళ్ళి కళ్ళెం పట్టుకుని పెళ్ళికొడుకుని దింపమన్నాను. జరీ బట్ట ఎత్తి చూస్తే, జీను కింద ఉన్నది ఫ్రిజ్జు కొన్నప్పుడు అట్టపెట్టెలో వచ్చే స్పాంజి షీటు. దాన్ని మడతపెట్టి నైలాను తాడుతో బిగించారు. మడత సరిగ్గా వెన్నుపూస మీద పడింది. దాని కింద తోలు లేచిపోయి ఉంది. గుర్రాన్ని తెచ్చినవాడు ఏమాత్రం సిగ్గు లేకుండా, "మెత్తగానే ఉందిగా మామ్మగారూ, నొక్కి చూడండి" అన్నాడు. ఆ మాటతో నాకు ఒళ్ళు మండిపోయింది. తర్వాత ఏమేం తిట్టానో నాకే గుర్తు లేదు. సెల్‌ఫోన్లలో తీసినవాళ్ళ దగ్గర ఉందట, కావాలంటే చూసుకోవచ్చు.

వాణ్ణి తిట్టాను గానీ, ఆ మాట వాడికంటే అరవై ఏళ్ళ ముందు అన్నది నేనే. అప్పుడు నాకు పదేళ్ళు.

మాది జగ్గయ్యపేట. మా నాన్న దూది ఏకి పరుపులు కుట్టేవాడు. తెల్లారేసరికి మా వసారాలో దూదేకే విల్లు టంగుటంగుమంటూ ఉండేది. అన్నం కంచంలో దూది, తల్లో దూది, నాన్న కనుబొమల మీద దూది. సూది పట్టడం నాకు అక్షరాల కంటే ముందే వచ్చింది. పరుపులో దూది కదలకుండా అక్కడక్కడా పైనుంచి కిందికి దారం గుచ్చి వేసే ముడికుట్టు నేను మా నాన్న కంటే బిగువుగా వేసేదాన్ని. ఆ సంగతి ఆయనే పదిమందికీ చెప్పేవాడు. దాంతో నాకు కాస్త పొగరెక్కింది. దానికి తోడు కోపం ముక్కు మీదే ఉండేది. ఎవరైనా కాదంటే కన్నూ మిన్నూ కానేది కాదు.

మా ఇంటి గోడకి ఆనుకునే జట్కా తాత ఇల్లు. ఆయన మాకు చుట్టం కాదు, కానీ నేను ఆయన్ని తాతా అని, ఆయన కూతుర్ని అత్తా అని పిలుస్తూ పెరిగాను. ఆయనకున్నది ఒక్క జట్కా, ఒక్క గుర్రం. అది ఎర్రమట్టి రంగు ఆడగుర్రం. నుదుటి మీద తెల్ల మచ్చ ఉండేది కాబట్టి దాని పేరు చుక్క. బస్టాండు నుంచి బజారుకీ, చుట్టుపక్కల ఊళ్ళకీ, వేదాద్రి తిరునాళ్ళప్పుడు నరసింహస్వామి గుడికీ మనుషుల్ని చేరవేసేవాడు. చుక్క నడిస్తేనే ఆ ఇంట్లో పొయ్యి వెలిగేది. నేను బడి నుంచి రాగానే దాని దగ్గరికే పరిగెత్తేదాన్ని. ఉలవలు గుప్పిట్లో పెడితే పెదాలతో చక్కిలిగిలి పెడుతూ తినేది.

జట్కా గుర్రం వీపు మీద చిన్న జీను ఉంటుంది. బండి కర్రల బరువంతా దాని మీదే ఆగుతుంది. ఆ జీను ఒంటికి ఒరుసుకోకుండా కింద ఒక మెత్త వేస్తారు. చుక్కకి తాత వేసే మెత్తని చూస్తే నాకు అసహ్యం పుట్టేది. నల్ల గొంగడి ముక్కలు రెండు, మడతలు పెట్టి కుట్టినవి, వెన్నుకి ఆ పక్కొకటి ఈ పక్కొకటి. మధ్యలో ఖాళీ. రెండింటినీ కలుపుతూ పైన రెండు పట్టీలు. గొంగడి గరుకు, పైగా చెమట కంపు. మధ్యలో చిరిగిపోయినా బాగుచేయించకుండా, పిసినారి ముసలాయన అలాగే నెట్టుకొస్తున్నాడనుకున్నాను. ఊళ్ళో జనానికి పరుపులు కుట్టే ఇంటి పక్కన ఉంటూ, మా చుక్క వీపు మీద ఆ గొంగడా? నాకు రోజూ కడుపు మండేది.

రోజూ పొద్దున తాత ఆ మెత్త వేసే తీరు కూడా నాకు నచ్చేది కాదు. ముందు అరచేత్తో వీపంతా తడిమేవాడు. మెత్తని మూపు మీదికి ముందుగా పెట్టి, వెంట్రుకలు ఏ వైపు పడుకుంటాయో ఆ వైపుకి మెల్లగా వెనక్కి జరిపేవాడు. జీను పెట్టాక మధ్యలో వేలు దూర్చి ఆ చివర నుంచి ఈ చివరికి లాగేవాడు. అప్పుడు గాని పొట్ట కింది పట్టీ బిగించేవాడు కాదు. బండెక్కినవాళ్ళు విసుక్కునేవాళ్ళు. ముసలితనపు చాదస్తమని నేనూ అనుకునేదాన్ని.

చివరికి నేనే రంగంలోకి దిగాను. ఎవరిదో పెళ్ళి దిండ్లకి కుట్టగా మిగిలిన ఎర్ర ముఖమల్ గుడ్డ మా ఇంట్లో ఉంది. మేలిరకం పత్తి దూది నేనే ఏరి, నాన్న ఏకిన కుప్ప లోంచి తీసుకున్నాను. వారం రోజులు కూర్చుని కుట్టాను. దిండంత మందం వచ్చింది. మధ్యలో గుంట లేకుండా నిండుగా దూది కూరాను. మా ఇంట్లో నేర్పిందే అది, పరుపులో గుంట కనబడితే తప్పు, పూడ్చెయ్యాలి. దూది కదలకుండా మధ్యలో వరసగా నాలుగు ముడికుట్లు కూడా వేశాను. నాన్న దాన్ని తిరగేసి చూసి, కుట్టు బాగుందన్నాడు. ఎందుకని మాత్రం అడగలేదు.

తాత దగ్గరికి తీసుకెళ్ళాను. అప్పటికే బండిలో నలుగురు ఎక్కి కూర్చుని తొందరపెడుతున్నారు. తాత దాన్ని చేత్తో ఇటూ అటూ తిప్పి నవ్వాడు. "కుట్టు ముద్దొస్తందమ్మా. కానీ ఇది పెళ్ళికూతురికి పనికొస్తది గానీ మన చుక్కకి వద్దులే" అన్నాడు. బండిలోవాళ్ళు కూడా నవ్వారు. ఆ నవ్వు నా నెత్తికెక్కింది. ఆ రోజు అన్నం తినలేదు. ముసలాడికి గుర్రం మీద ప్రేమ లేదని, ఆ ప్రేమ నాకే ఉందని తీర్మానించుకున్నాను.

తిరునాళ్ళ ముందురోజు తాతకి చలిజ్వరం పట్టుకుంది. లేచి నిలబడే ఓపిక లేదు. తిరునాళ్ళలో బండి కట్టకపోతే ఎలా అని నందిగామ నుంచి అల్లుడు వచ్చాడు. నాకు వరసకి మామ. మంచివాడే గానీ ఎడ్లబండి తోలిన మనిషి, గుర్రం సంగతులు తెలియవు. తెల్లవారుజామున నేను వాళ్ళ పాకలోకి వెళ్ళి, గొంగడి మెత్త తీసుకొచ్చి మా దూది కుప్పలో దాచేశాను. ముఖమల్ మెత్త మామ చేతికిచ్చి, "తాత ఇదే వెయ్యమన్నాడు" అన్నాను. ఎర్రగా మెరుస్తుంటే ఆయనకీ నచ్చింది. జీను బిగించాడు. నేను ఎదురుగా నిలబడి చూశాను. చుక్క పెళ్ళికూతురిలా కనిపించింది నా కళ్ళకి. బండిలో ఆరుగురు ఎక్కారు, మీద సామాను. వేదాద్రి వైపు సాగిపోయారు.

ఎండలు మండిపోతున్న రోజులు. దీపాలు పెట్టే వేళకి తిరిగొచ్చారు. చుక్క తల నేలకి వేలాడేసి నడుస్తోంది. గుమ్మం ముందు ఆగగానే ముందరి కాళ్ళు వణికాయి. దుప్పటి కప్పుకుని తాత లేచి వచ్చాడు. పట్టీ విప్పి జీను తీశాడు. ముఖమల్ మెత్త మాత్రం వీపుకి అతుక్కుపోయి ఉంది. చెమటకి దూది తడిసి, ఉండలు కట్టి, సగం ఒక పక్కకి జారిపోయింది.

"గొంగడేది?" అని అల్లుణ్ణి అడిగాడు.

"ఇదే వెయ్యమన్నావంట గదా మావా. ఈ పిల్లే తెచ్చిచ్చింది" అన్నాడు మామ.

అప్పటికే వీధిలో జనం మూగారు. అందరూ నా వైపు తిరిగారు. నాకు ముందు భయం వేసింది, ఆ వెంటనే, నాకు అలవాటైనట్టు, కోపం వచ్చింది. ఒంటికాలి మీద లేచాను. "నేనివ్వలా! అబద్ధం! అయినా మెత్తగానే ఉందిగా, నొక్కి చూడండి" అంటూ ముందుకెళ్ళి ఆ మెత్త మీద నా అరచేతిని పెట్టి బలంగా నొక్కాను.

చుక్క అరిచింది. గుర్రం అలా అరుస్తుందని నాకు అప్పటిదాకా తెలియదు. మోకాళ్ళు విరిగినట్టు కిందికి వంగి, పక్కకి ఒరిగి, గోడకి గుద్దుకుంది. తాత నన్ను రెక్క పట్టి వెనక్కి లాగి, అంచుల నుంచి మెత్తని కొద్దికొద్దిగా ఊడదీశాడు. వీపంతా చెమటతో నిగనిగలాడుతోంది. ఆ తడిలో వరసగా నాలుగు చోట్ల పైసా బిళ్ళంత మేర మాత్రం పొడిగా, ఉబ్బి ఉంది. వెన్నుపూస మీద జానెడు తోలు లేదు. ఎర్రటి మాంసం కనిపిస్తోంది.

వీధివాళ్ళు నా మాటే నమ్మారు. పదేళ్ళ పిల్ల అబద్ధం ఎందుకాడుతుందన్నారు. ఆరుగుర్ని ఎక్కించినవాడు, గుర్రం మొహం ఎరగనివాడు, తప్పు తనదై ఉండి పసిపిల్ల మీదికి నెడుతున్నాడని మామని పట్టుకుని నానా మాటలూ అన్నారు. అత్త ఏడ్చింది. మామ ఏదో చెప్పబోతే ఎవరూ చెప్పనివ్వలేదు. నేను అక్కడే నిలబడి పళ్ళు బిగించుకుని ఉన్నాను. తాత మాత్రం ఆ మెత్తని తిరగేసి, నా ముడికుట్ల మీద బొటనవేలు పెట్టి ఒక్కొక్కటే తడిమాడు. తల ఎత్తి, మా అరుగు మీద అమ్మకానికి పేర్చిన పరుపుల వైపు చూశాడు. తర్వాత నన్ను చూశాడు. ఆ చూపులో కోపం ఉంటే బాగుండేదని ఆ రాత్రంతా అనుకున్నాను.

నాలుగు రోజులు గడిచాయి. టీకొట్టు దగ్గర మామని 'ముఖమల్ దొరగారూ' అని పిలవడం మొదలుపెట్టారు. ఆయన సంచి సర్దుకుని నందిగామ పోతానంటే, "నాలుగు రోజులు ఆగు అల్లుడూ" అని తాతే ఆపాడు. జ్వరం తగ్గీ తగ్గకముందే తాత రైసుమిల్లులో కూలికి వెళ్ళాడు. బండి నడవడం లేదు మరి. ఆ వయసులో బస్తాలు మోసి, సాయంత్రం గోడ పట్టుకుంటూ ఇంటికి వచ్చేవాడు. వచ్చి వేపాకు కాచిన నీళ్ళతో చుక్క వీపు కడిగి, నూనెలో పసుపు రంగరించి రాసేవాడు. నేను గోడ మీంచి చూస్తూ ఉడికిపోయేదాన్ని. ఎవరి మీదో చెప్పలేను. మామ మీద, తాత మీద, కుట్టు బాగుందన్న నాన్న మీద, చివరికి ఆ గుర్రం మీద కూడా. అంత నాజూకు వీపేమిటి దానికని!

అయిదో రోజు పొద్దున తాత నన్ను పిలిచాడు. "నాకు నడుం వంగట్లేదమ్మా. చుక్కకి తొట్టి నిండా నీళ్ళు తేవాలి. తెస్తావా?" అన్నాడు. తెస్తానన్నాను. పెద్ద ఇత్తడి బిందె ఇచ్చాడు. దాంతోపాటు ఉతికి ఆరబెట్టిన ఆ ముఖమల్ మెత్త కూడా ఇచ్చాడు. "చుట్టకుదురు బదులు ఇది నెత్తిన పెట్టుకో. మెత్తగా ఉంటది" అన్నాడు. కనిపెట్టేశాడేమోనని తలెత్తి చూశాను. కానీ ఆయన మొహం మామూలుగానే ఉంది.

వీధి చివర కుళాయి. మొదటి బిందెకి నిజంగానే హాయిగా ఉంది. నేను చెప్పినట్టే ఉందిగా అని లోపల పొంగిపోయాను కూడా. రెండో బిందెకి దూది కిందికి కూరుకుపోయి, ఒక ముడి నడినెత్తిన తగలడం మొదలైంది. మూడో బిందెకి నీళ్ళు తొణికి మెత్త తడిసింది. ఉండలు లేచి బిందె ఒక పక్కకి ఒరుగుతోంది, మెడ నరాలు లాగేస్తున్నాయి. నాలుగోసారి కుళాయి దగ్గర మెత్తని ఇంకో వైపుకి తిప్పబోయాను. తాత కూడా వెనకే వచ్చి కుళాయి గట్టు మీద కూర్చుని ఉన్నాడు.

"తిప్పకమ్మా. చుక్క తిప్పుకోలేదుగా" అన్నాడు.

అందరికీ మామూలు మాటే అది. నీళ్ళకి వచ్చిన ఆడవాళ్ళు తలెత్తి కూడా చూడలేదు. నాకు మాత్రం నెత్తిన నిప్పులు పోసినట్టయింది. అయిదో బిందె ఎత్తుకున్నాను. పది అడుగులు వేసేసరికి ఆ ముడి మేకులా దిగింది. దింపుకుందామంటే చేతులు అందడం లేదు. కళ్ళలో నీళ్ళు తిరిగాయి. ఒక్కసారి విసురుగా తల విదిల్చాను. బిందె రోడ్డు మీద పడి, సొట్ట పడి, దొర్లుకుంటూ పోయింది. నీళ్ళన్నీ మట్టిపాలు.

"నేను మొయ్యను! గుచ్చుకుంటంది! నేనే కుట్టా, నేనే ఇచ్చా, గొంగడి నేనే దాచా, మామ కాదు, నేనే!" అని వీధి మార్మోగేలా అరిచాను. పశ్చాత్తాపంతో చెప్పానని అనుకుంటారేమో, కాదు. కోపంతో చెప్పాను. నా నోట్లోంచి నిజం ఊడిపడటానికి నా కోపమే పనికొచ్చింది.

నీళ్ళకి వచ్చిన ఆడవాళ్ళు ఇప్పుడు తలెత్తి చూశారు. వేపపుల్ల నోట్లో పెట్టుకుని గుమ్మంలో నిలబడ్డ మామ పుల్ల తీసి పారేశాడు.

తాత మెల్లగా లేచి వెళ్ళి బిందె తెచ్చాడు. నా నెత్తి మీద చెయ్యి పెట్టి, ముడి దిగిన చోటు సరిగ్గా పట్టుకుని మెత్తగా రాశాడు. "అయిదు బిందెలకే నువ్వు అరిచావు. అరిచావు గనక నాకు తెలిసింది. అది పొద్దుట్నించి సాయంత్రం దాకా మోసింది, నోరు లేదు. జీను తీసి వీపు చూసేవాడుంటేనే దాని సంగతి తెలిసేది" అన్నాడు. అని ఇంకో మాట కూడా అన్నాడు. ఆ రోజు బేరం తొందరలో నవ్వి ఊరుకున్నాడు గానీ, ఎందుకు వద్దో నాకు విడమరిచి చెప్పి ఉండాల్సిందనీ, ఆ మేరకి తప్పు తనదీ అనీ. పెద్దవాళ్ళు పిల్లల ముందు తప్పు ఒప్పుకోవడం నేను వినడం అదే మొదలు. నాకు ఏడుపు ఆగలేదు.

మామ దగ్గరికి నాన్న నన్ను చెయ్యి పట్టుకుని తీసుకెళ్ళాడు. తప్పయిందని చెప్పాను. మామ నా వంక చూడలేదు. "చిన్నపిల్లవి గనక నిన్ను అందరూ వదిలేస్తారు. నన్నెవరు వదిలారు?" అన్నాడు. ఆ మధ్యాహ్నం బస్సుకే నందిగామ వెళ్ళిపోయాడు. నా పెళ్ళికి రాలేదు, మా నాన్న పోయినప్పుడు వచ్చినా నన్ను పలకరించలేదు. ఆయన కోపం న్యాయమైంది. నా కోపాల్లో ఒక్కటీ అంత న్యాయమైంది లేదు.

దూది కుప్పలోంచి గొంగడి మెత్త తీసి నేనే తాతకిచ్చాను. అప్పుడు కూర్చోబెట్టి చెప్పాడు, పక్కన మా నాన్న కూడా ఉన్నాడు. మధ్యలో ఖాళీ చిరుగు కాదట. వెన్నుపూసకి ఏదీ తగలకూడదు, గాలి ఆడాలి, అందుకే వదిలారట. ఉన్ని గరుకుగా ఉన్నా చెమట పీల్చుకుంటుంది, ఉండ కట్టదు. మందం ఎక్కువైతే జీను ఊగుతుంది, ఊగితే ఒరుస్తుంది. కుట్టు ఏదైనా అంచులకే ఉండాలి, బరువు పడే చోట ముడి ఉండకూడదు. చేత్తో నొక్కి మెత్తదనం చూసేది మనిషి పడుకునే పరుపుకి. ఎందుకంటే మనిషి పక్కకి పొర్లగలడు. గుర్రానికి వేసే మెత్తని బరువు దిగాక చూడాలి. మెత్త ఎత్తగానే దాని కింద చెమట అంతటా సమానంగా ఉంటే మంచిదే. తడి మధ్యలో పొడి మచ్చ కనబడిందంటే అక్కడ నొక్కుతోందన్నమాట. మా నాన్న నోరు వెళ్ళబెట్టి విన్నాడు. ఇరవై ఏళ్ళుగా పక్కింట్లో ఉంటూ మేము అడగలేదు, ఆయన చెప్పలేదు.

పుండు మానడానికి నెలన్నర పట్టింది. రోజూ సాయంత్రాలు వేపరెమ్మ పట్టుకుని ఈగలు తోలే పని నాది. అయితే నేను నాలుగడుగుల దూరంలోకి వెళ్ళగానే చుక్క వీపు మీద చర్మం అలలు అలలుగా వణికేది. తాత వస్తే వణికేది కాదు, అత్త వస్తే వణికేది కాదు. నేనొస్తేనే వణికేది. ఉలవలు పెట్టినా మొహం తిప్పుకునేది. పది రోజులు ఓర్చుకుని, ఒకనాడు నాకు చిర్రెత్తుకొచ్చింది. వేపరెమ్మ నేలకేసి కొట్టి, "దీనికెంత పొగరు తాతా! ఇంకా ఎన్నాళ్ళు నా మీద కోపం?" అని అరిచాను. ఆ అరుపుకి చుక్క గోడ దాకా వెనక్కి జరిగింది.

"కోపమైతే తన్నేది, కొరికేది. నీకు తెలిసింది కోపం ఒక్కటే గనక నీకట్టా కనపడతంది" అన్నాడు తాత. "అది భయమమ్మా. కోపం పూటలో పోద్ది. భయం పెట్టినోళ్ళే పోగొట్టాలి, ఇంకోళ్ళ వల్ల కాదు."

ఎలాగో కూడా చూపించాడు. చెయ్యి చాచి, అరచెయ్యి పైకి తెరిచి, బారెడు దూరంలో ఆగిపోవాలి. ముందుకి వెళ్ళకూడదు, పిలవకూడదు. అది రావాలనుకుంటే వస్తుంది, రాకపోతే ఆ రోజుకి అంతే. నాలాంటిదానికి అంతకంటే పెద్ద శిక్ష ఇంకోటి లేదు. ఒక్కోరోజు చెయ్యి తిమ్మిరెక్కేది, దోమలు కుట్టేవి, లోపల కోపం కుతకుతలాడేది. దిగమింగుకుని నిలబడేదాన్ని. నేను మింగుతున్నానో లేదో దానికి ఎలా తెలిసేదో గానీ, లోపల ఉడుకుతున్న రోజున అది చెవులు కూడా కదిపేది కాదు. వానలు మొదలైన ఒక పొద్దున, నేను పడుతున్న వానని చూస్తూ మామూలుగా నిలబడి ఉంటే, వెచ్చటి ఊపిరి అరచేతికి తగిలింది. చూస్తే చుక్క ముక్కు నా చేతిలో ఉంది. నేను కదల్లేదు. ఏడుపు వచ్చినా గట్టిగా ఏడవలేదు.

ఆ తర్వాత మళ్ళీ బండి లాగింది, నా చేతిలో ఉలవలు తింది, మెడ నిమిరితే తల నా భుజం మీద వాల్చింది. పుండు మానిన చోట మాత్రం ఎర్ర వెంట్రుకలు మళ్ళీ రాలేదు. తెల్లవి వచ్చాయి. వెన్ను మీద జానెడు గీత, దాని వెంబడి వరసగా నాలుగు తెల్ల మచ్చలు. సరిగ్గా నేను ముడికుట్లు వేసిన ఎడం. ఊళ్ళోవాళ్ళు అవి పుట్టుమచ్చలనుకునేవాళ్ళు.

నాకు కోపం తగ్గిందని చెబితే మా వాళ్ళు నవ్వుతారు. తగ్గలేదు. నా కోపానికి నోటిని ఇచ్చాను గానీ, చేతిని మళ్ళీ ఎప్పుడూ ఇవ్వలేదు. నా పిల్లల మీద గానీ వాళ్ళ పిల్లల మీద గానీ చెయ్యి ఎత్తలేదు. ఉయ్యాల్లో పసిబిడ్డని తీసుకునే ముందు కూడా అరచెయ్యి తెరిచి ఒక్క క్షణం ఆగుతాను. ఎందుకని అడిగితే అలవాటంటాను. చుక్క ఆ తర్వాత తొమ్మిదేళ్ళు బతికింది. నన్ను చూస్తే సకిలించి ఎదురొచ్చేది. అయినా మెడ నిమురుతూ నిమురుతూ నా చెయ్యి వెనక్కి జరిగి ఆ తెల్ల మచ్చల దగ్గరికి వచ్చేసరికి, తాను నిలబడే ఉన్నా, పారిపోకపోయినా, అక్కడి చర్మం మాత్రం ఒక్కసారి వణికేది. ఆఖరి రోజున కూడా వణికింది. ఆ వణుకు ఇప్పటికీ నా అరచేతిలో ఉంది.